ఎవరినీ అడగనక్కర్లేని గది

మొన్న ఏలూరులో ఒక ఇంజనీరింగ్ కాలేజీ వాళ్ళు పిలిచి, రోగుల కోసం గదులు ఎలా కట్టాలో పిల్లలకి నాలుగు మాటలు చెప్పమన్నారు. ఈ ఊళ్ళో ఇళ్ళ ప్లాన్లు గీసుకుని బతికేదాన్ని నేను. పూజగది ఏ మూలకి రావాలి, వంటింటి అలమరలకి ఏ రంగు వెయ్యాలి, మేడమెట్లు సరిసంఖ్య వస్తే కొంప మునుగుతుందా, రోజూ ఇవే నా తగాదాలు. రోగి కోసం నేను కట్టింది జన్మకంతా ఒక్కటే గది. అది మా అక్కకి, తాడేపల్లిగూడెంలో. దాని ఫోటోలు తెరమీద చూపించాను. ఎండ దిండు మీదికి రాగానే తనంతట తనే మూసుకునే కర్టెను, ఒళ్ళు పుళ్ళు పడకుండా మనిషిని కాసేపు అటూ కాసేపు ఇటూ ఒరిగించే మంచం, ఉక్క పెరిగితే వేగం పెంచుకునే ఫ్యాను. పిల్లలు చప్పట్లు కొట్టారు. వెనక వరసలోంచి ఒక అమ్మాయి లేచి, "మేడమ్, మీ అక్కగారు ఆ గదిలో సుఖంగా ఉండేవారా అండీ?" అని అడిగింది. టైమైపోయిందని చెప్పి మైకు ఇచ్చేశాను.

అక్క పోయింది. గది అలాగే ఉంది. ఆ పిల్లకి ఇవ్వని జవాబు ఇక్కడ రాస్తున్నాను. రాసినందువల్ల ఎవరికీ ఒరిగేదేం లేదని తెలిసే రాస్తున్నాను.

అక్క హైస్కూల్లో లెక్కల టీచరు. ఒకరిని ఒకటి అడగడం తనకి చేతకాదు. చిన్నప్పుడు కొల్లేటి ఒడ్డున ఒక పల్లెలో నాన్న బడిపంతులుగా ఉన్న రోజుల్లో, పక్కింటి నించి గ్లాసుడు కాఫీపొడి బదులు తెమ్మని అమ్మ తనకి చెబితే, తను నాకు జీళ్ళు ఆశపెట్టి నన్ను పంపేది. బస్సులో ఎవరైనా సీటంతా ఆక్రమించుకుని కూర్చుంటే "కొంచెం జరగండీ" అనలేక భీమడోలు దాకా నిలబడే వచ్చేది. పెళ్ళి భోజనాల్లో విస్తట్లో ఉప్పు వడ్డించకపోతే చప్పిడి పప్పే తిని లేచేది. "నోట్లో నాలుక లేదే నీకు" అని అమ్మ తిట్టేది. అలాగని మెతకమనిషి కాదు. బోర్డు ముందు నిలబడితే క్లాసులో ఈగ వాలేది కాదు. అడగడం ఒక్కటే తనవల్ల అయ్యేది కాదు.

చేతిలోంచి సుద్దముక్క జారిపోవడంతో మొదలైంది. తరవాత కాలినించి చెప్పు జారిపోయేది, తనకి తెలిసేది కాదు. విజయవాడలో డాక్టరు నెమ్మదిగా, ఏదీ దాచకుండా చెప్పాడు. కండరాలు ఒక్కొక్కటే పని మానేస్తాయి. చేతులు, కాళ్ళు, ఆ తరవాత మాట, ఆ తరవాత మింగడం. మెదడుకి మాత్రం ఏమీ కాదు, చివరిదాకా అన్నీ తెలుస్తూనే ఉంటాయి అన్నాడు. అదేదో మంచివార్త అన్నట్టు చెప్పాడు పాపం. తిరిగొస్తుంటే కారులో ముందుసీట్లో బావగారు ఏదో స్తోత్రం చదువుకుంటూ కూర్చున్నారు. హనుమాన్ జంక్షన్ దాటాక అక్క నావైపు తిరిగింది.

"నాకో గది కట్టవే. అందులో నేను ఎవరినీ ఏదీ అడక్కూడదు. ఫ్యాను వెయ్యమని, కిటికీ తియ్యమని, పక్కకి తిప్పమని. ఏదీ అడక్కూడదు."

"కడతాను" అన్నాను. నా జీవితంలో ఇంతకంటే స్పష్టంగా ఏం కావాలో చెప్పినవాళ్ళు లేరు.

బావగారు పౌరోహిత్యం చేస్తారు. గూడెంలోనూ చుట్టుపక్కల ఊళ్ళలోనూ ఆయన పెట్టిన ముహూర్తానికి తిరుగులేదని పేరు. ఇంట్లో ఆయన, ఆయన తల్లి, అక్క. పిల్లల్లేరు. ఇంటికి తూర్పువైపు ఒక గది ఉండేది. పీటలు, ఇత్తడి బిందెలు, దర్భకట్టలు పడేసేవారు అందులో. అవన్నీ బయటపెట్టించి ఒకరోజంతా ఆ గదిలో కుర్చీ వేసుకుని కూర్చున్నాను, ఎండ ఎక్కడినించి ఎక్కడికి వెళుతోందో చూసుకుంటూ. మామూలుగా మేం స్థలాన్ని కొలుస్తాం. ఇక్కడ మనిషిని కొలిచాను. కూర్చుంటే కళ్ళు ఎంత ఎత్తులో ఉంటాయి, చెయ్యి ఎంతదూరం సాగుతుంది, ఎంత బరువు నొక్కగలదు. ప్లాను గీసి మళ్ళీ వారం వెళ్ళేసరికి ఆ చెయ్యి అంతదూరం సాగట్లేదు. స్విచ్చి కిందికి దింపాను. ఇంకోసారి వెళ్ళేసరికి దాన్నీ నొక్కలేకపోయింది. నేను గీస్తున్నది పోయినసారి చూసిన అక్కకోసం. ఏలూరు నించి రైల్లో వస్తూ పూళ్ళ దాటేసరికి లెక్కలు వేసుకోవడం మొదలుపెట్టేదాన్ని, ఈసారి ఏం పోయి ఉంటుందోనని.

అందుకని స్విచ్చులే వద్దనుకున్నాను. గది మాట వినాలి. గొంతు అన్నిటికంటే ఆఖర్న పోతుందేమోనని ఆశ. మాటతో నడిచే సామాను అమర్చే వాళ్ళని పిలిపించి, తెలుగులో చెప్పినా తెలుసుకునేలా ఏర్పాటు చేయించాను. "కిటికీ" అంటే కర్టెను జరగాలి. "గాలి" అంటే ఫ్యాను తిరగాలి. "తల" అంటే మంచం తలవైపు లేవాలి. గది తయారయ్యేలోగా ఆ యంత్రాన్ని అప్పుడున్న గది ఫ్యానుకి కలిపి, అక్క మంచం పక్కన స్టూలు మీద పెట్టి అలవాటు చేయించాం. "బడిలో పిల్లలకంటే నయమే, ఒక్కసారి చెబితే వింటోంది" అని నవ్వింది అక్క. ఆ జబ్బు వచ్చాక తను మనసారా నవ్వడం నేను చూసింది అప్పుడే.

ఇంకో సంగతి కూడా చేశాను. కొల్లేటి ఒడ్డున మా చిన్నప్పటి ఇంట్లో, పొద్దున్నే నీళ్ళ మీద పడ్డ ఎండ ఇంటి పైకప్పు మీద ఆడుతూ ఉండేది. దోమతెరలో పడుకుని మేమిద్దరం దాన్నే చూస్తూ లేచేవాళ్ళం కాదు. ఆ ఇల్లు పోయింది, ఆ చోటంతా ఇప్పుడు చేపల చెరువులు. ఈ గది తూర్పు కిటికీ కింద బయటవైపు లోతు లేని సిమెంటు తొట్టి ఒకటి కట్టించి నీళ్ళు పోశాను. మర్నాడు పొద్దున్న వెలుగు కప్పు మీద అచ్చం అలాగే కదిలింది. అక్కకి చెప్పలేదు. గదిలోకి వచ్చాక తనే చూస్తుందని ఊరుకున్నాను.

పేచీ గడప దగ్గర వచ్చింది. చక్రాల కుర్చీ పోవాలంటే గడప ఉండకూడదు. అక్క అత్తగారు ససేమిరా అన్నారు. "గడప లేని గది గదేనా అమ్మా? రేపు మనిషిని మోసుకుపోవడానికి సులువుగా ఉంటుందనా?" అని అంతమాట అనేశారు. నాకు ఒళ్ళు మండింది. కానీ ఆవిడకి పసుపు రాయడానికి ఒక చెక్క కావాలి, నాకు కుర్చీ జారడానికి చదును కావాలి. పాత ద్వారబంధం ఎత్తించి, వెడల్పాటి కొత్తది పెట్టి, టేకు గడపని నేలతో సమానంగా దింపేశాను. ఆవిడ సంతోషంగా పసుపు రాసి, కుంకుమబొట్లు పెట్టి, గడపకి పూజ చేయించారు. పాము చావకుండా కర్ర విరక్కుండా భలే చేశానని నన్ను నేనే మెచ్చుకున్నాను.

గది సిద్ధమైందని చెబితే బావగారు పంచాంగం తెరిచారు.

"శుక్రమౌఢ్యం వచ్చేసిందమ్మా. అది వెళ్ళేసరికి ఆషాఢం. శ్రావణంలో మంచిరోజు చూస్తాను."

"బావగారూ, ఇది గృహప్రవేశం కాదండీ. ఉన్న గదికి మరమ్మతు. మరమ్మతుకి మూఢం లేదని మీరే అందరికీ చెబుతారు కదండీ."

"మరమ్మతైతే లేదు. ద్వారబంధం ఎత్తి కొత్త గడప నిలబెట్టి పూజ చేశాక అది కొత్త గృహం కిందే లెక్క. నువ్వే కదమ్మా పెట్టించావు."

అరిచాను. జబ్బు పంచాంగం చూసుకుని వస్తుందా అన్నాను. ఆయన కోప్పడలేదు. ఆయన కళ్ళలో భయం కనిపించింది నాకు. భార్యకి మంచి జరిగే ఒక్క దారి తన చేతిలో ఉందని, దాన్ని తప్పితే ఇంకేం మిగలదని నమ్మే మనిషి. ఆయన్ని ఏమనాలి?

అక్క దగ్గరికి వెళ్ళి, "నువ్వు ఊఁ అను, ఇప్పుడే తీసుకెళ్ళిపోతాను" అన్నాను. అప్పటికే తన మాట ముద్దగా వస్తోంది. ఆగి ఆగి చెప్పింది.

"వద్దే. ఊరందరికీ ముహూర్తాలు పెట్టే మనిషి. సొంతింట్లో మూఢంలో ప్రవేశం చేశారంటే ఆయన మాట ఎవరు వింటారు? ఇన్నాళ్ళాగాను, శ్రావణం ఎంతలోకి వస్తుంది."

ఆ వేసవంతా గది తాళం వేసే ఉంది. అక్క పాతగదిలో, పడమటి ఎండలో, ఉక్కలో పడుకుంది. నేను వెళ్ళినప్పుడల్లా యంత్రానికి "గాలి" అని చెప్పేది, అది ఒకసారి వినేది, మూడుసార్లు వినేది కాదు. తరవాత తరవాత నేను వెళ్ళినప్పుడు తను దానివైపు చూడడం మానేసింది. ఆషాఢం వానలకి కిటికీ కింది తొట్టిలో నీళ్ళు నిలిచి దోమలు చేరాయి. అత్తగారు నీళ్ళు పారబోయించి, మట్టి నింపించి, మెంతులు చల్లారు. ఒక ఆదివారం వెళితే మెంతికూర పప్పు వడ్డించి, "నీ తొట్టిలోదే అమ్మా, ఎంత లేతగా వచ్చిందో" అన్నారు. తిన్నాను.

శ్రావణంలో ప్రవేశం జరిగింది. పాలు పొంగించారు. అక్కకి కొత్తచీర కట్టి, కుర్చీలో గడప దాటించారు. కుర్చీ కుదుపు లేకుండా జారింది. బంధువులు నలుగురైదుగురు నిలబడి చూస్తున్నారు. అందరిముందూ నేనే, "అక్కా, కిటికీ తెరిపించు" అన్నాను.

అక్క అంది. వచ్చిన శబ్దంలో "కిటికీ" లేదు. క్షమించండి, అర్థం కాలేదు అంది యంత్రం, మర్యాదగా, ఆడగొంతుతో. అక్క మెడనరాలు తేలాయి. మళ్ళీ అంది. అర్థం కాలేదు అంది యంత్రం. అక్కకి సాయం చేద్దామన్నట్టు బావగారు ముందుకి వంగి, "కిటికీ అండీ, కిటికీ" అన్నారు. కర్టెను సాఫీగా తెరుచుకుంది. ఎవరో నవ్వబోయి ఆపుకున్నారు. అక్క కిందికి, కొత్తచీర కుచ్చెళ్ళవైపు చూస్తూ కూర్చుంది.

అప్పుడు నాకు పంతం వచ్చింది. మాట వినకపోతే మానె, అడగకముందే అన్నీ జరిగే గది చేస్తానన్నాను. అక్కని చూసుకోవడానికి కొల్లేటి లంక నించి రోజూ బస్సులో ఒకావిడ వచ్చేది. నేనూ ఆవిడా కూర్చుని అక్క ఏ వేళకి దేనికి ఇబ్బంది పడుతుందో కనిపెట్టాం. ఎండ ఎక్కడికొస్తే కళ్ళు మూసుకుంటుంది, ఎంతసేపటికి ఒళ్ళు నొప్పెడుతుంది, ఎప్పుడు చెమట పడుతుంది. అవన్నీ యంత్రానికి ఎక్కించాను. మంచం తనే ఒరిగేది. దీపం తనే తగ్గేది. పక్క తడిస్తే వంటింట్లో గంట మోగేది. గోడమీద కెమెరా పెట్టి బావగారి ఫోన్లోనూ నా ఫోన్లోనూ కనిపించేలా చేశాను. అన్నిటికీ కలిపి తలుపు పక్కన ఒక పెట్టె, దానికొక మెయిను స్విచ్చి. కట్టినవాటిలో దేన్ని చూసుకునీ అంత గర్వపడలేదు నేను.

అది నిజంగానే పనిచేసింది. ఒక్క పుండు పడలేదు. చూసిన డాక్టరు మెచ్చుకున్నాడు. లంకావిడ నాతో, "నాకు పనేం ఉందండీ మేడమ్ గారూ, అన్నీ అదే సేసేత్తంది" అంది. గొట్టంలోంచి ఆహారం పోసి, శుభ్రం చేసి, వంటింట్లోకి వెళ్ళి అత్తగారికి పచ్చళ్ళు నూరిపెట్టేది. గంట మోగితే వచ్చేది. అత్తగారు ముందుగదిలో టీవీ ముందు కూర్చునేవారు. బావగారు పెళ్ళిళ్ళలో మంత్రాల మధ్య ఫోను తీసి చూసుకునేవారు. "ఫోన్లో చూస్తూనే ఉన్నానమ్మా, బాగానే ఉంది" అనేవారు నాతో. నేనూ చూసేదాన్నే. ఏలూరులో సైటు మీద నిలబడి, మేస్త్రీతో మాట్లాడుతూ, అక్క కళ్ళు తెరిచి ఉందో మూసి ఉందో చూసి ఫోను బ్యాగులో వేసుకునేదాన్ని. వారం వారం వెళ్ళేదాన్ని కాస్తా ఎప్పుడు వీలైతే అప్పుడు వెళ్ళసాగాను. ఎవరూ చెడ్డవాళ్ళు కాదు. గదిలోకి వెళ్ళడానికి ఎవరికీ పని లేదు, అంతే.

ఒక ఆదివారం పొద్దున్నే వెళ్ళాను. అందరూ ఇంట్లోనే ఉన్నారు. ముందుగదిలో బావగారు ఎవరికో ముహూర్తం చూస్తున్నారు, అత్తగారు ఆయన పక్కనే చిక్కుడుకాయలు ఈనెలు తీస్తున్నారు. లంకావిడ పెరట్లో బట్టలు ఆరేస్తోంది. అక్క నన్ను చూసి, మాట పూర్తిగా పోయాక నేను రాసిచ్చిన అట్టవైపు కళ్ళతో చూపించింది. ఆ అట్టమీద అక్షరాలు వరసలుగా రాసుంటాయి. నేను వరసలు చదువుతూ పోతే కావలసిన చోట తను రెప్ప వేస్తుంది. ఒక మాట రావడానికి ఎంతసేపో పడుతుంది. అట్టమీద దుమ్ము చేరి ఉంది, పైటచెంగుతో తుడిచాను. దాన్ని ఎవరూ ముట్టుకున్నట్టు లేదు.

అక్షరాలు కూడబలుక్కుంటే వచ్చిన మాట, "ఆపెయ్యి."

"ఏది ఆపను? ఫ్యానా? మంచమా?"

కళ్ళు పెట్టెవైపు తిరిగాయి.

"అన్నీనా? ఎందుకే?"

మళ్ళీ వరసలు చదివాను. "వస్తారు" అని వచ్చింది.

నాకు అర్థం కావడానికి కాసేపు పట్టింది. ఇవన్నీ ఆగిపోతే మనుషులు వస్తారని. తను జన్మలో ఎవరినీ ఏదీ అడగని మనిషి. అడిగేసింది. నేను లేచి మెయిను స్విచ్చి కట్టేసి, తలుపు వెనక కుర్చీలో, బయటికి కనపడకుండా కూర్చున్నాను.

ఫ్యాను నెమ్మదించి ఆగింది. మంచం ఒరిగిన చోటే ఉండిపోయింది. ఎండ గోడ దిగి, మంచం అంచు దాటి, దిండు మీదికి, అక్క చెంపమీదికి వచ్చింది. నుదుటిమీద చెమట పట్టి కంట్లోకి దిగింది. తను ఎండని చూడలేదు. తలుపునే చూస్తోంది. పెరట్లో బట్టలు దులిపిన చప్పుడు, ముందుగదిలో తిథీ నక్షత్రం చదివిన చప్పుడు, అన్నీ వినిపిస్తున్నాయి. లేచి కర్టెను లాగేద్దామని నాకు చేతులు పీకాయి. తను చూస్తున్న చూపుకి భయపడి లేవలేదు.

ముందుగదిలో మాటలు ఆగాయి. అక్క కళ్ళు పెద్దవయ్యాయి.

"కెమెరా రావట్లేదమ్మా" అన్నారు బావగారు, వాళ్ళమ్మతో.

"వెళ్ళి చూడరాదూ?" అన్నారావిడ.

"చెల్లెలొచ్చింది కదా, ఉంటుందిలే. నెట్ పోయినట్టుంది." మళ్ళీ తిథీ నక్షత్రం మొదలైంది.

అక్కకి చెవులు బాగా వినిపిస్తాయి. డాక్టరు చెప్పినట్టే, అన్నీ తెలుస్తూనే ఉన్నాయి. ఇంకాసేపు తలుపువైపు చూసింది. ఎండ రెండో చెంపమీదికీ వచ్చింది. అప్పుడు నావైపు చూసింది. అట్ట తీసుకుని దగ్గరికి వెళ్ళాను. వరసలు చదివాను. ఈసారి తను త్వరగానే రెప్పలు వేసింది.

"వేసెయ్యి."

వేశాను. ఫ్యాను తిరిగింది. కర్టెను తనంతట తనే వచ్చి ఎండని మూసేసింది. మంచం నెమ్మదిగా అక్కని రెండో పక్కకి, గోడవైపు తిప్పింది.

ముందుగదిలోంచి బావగారి గొంతు వినిపించింది. "ఆఁ, వచ్చేసిందమ్మా. బాగానే ఉంది."